మా రోజుల్లో ఇంజను పానాకు లొంగేది

ఎండలు ముదిరాయంటే కాప్రా, కుషాయిగూడ, నాచారం సందుల్లో నీళ్ల ట్యాంకర్లు తిరగడం మొదలవుతుంది. వాటిని లాగే ట్రాక్టర్ల వంక ఎవరూ చూడరు. నేను మాత్రం ఆగి చూస్తాను. రంగు వెలిసి, బానెట్ మీద పేరు చెరిగిపోయి, సైలెన్సరుకు వెల్డింగ్ అతుకులు పడ్డ మాస్సీ 1035లు, స్వరాజ్ 735లు, మహీంద్రా బీ-275లు. నడిపే పిల్లల కంటే బండ్లే వయసులో పెద్దవి. నిండు ట్యాంకరు వెనక తగిలించుకుని, ఊరంతా పైప్‌లైన్ కోసం తవ్విన రోడ్ల మీద, రోజుకు ఎన్ని ట్రిప్పులంటే అన్ని ట్రిప్పులు కొడతాయి. ఇవన్నీ ఒకప్పుడు కరిగెట దున్నిన బండ్లు. ఇప్పుడు దున్నడానికి ఇక్కడ మడి లేదు. పొలం పోయినా బండి నిలిచింది.

పాతది గట్టిది, కొత్తది డొల్ల అని ప్రతి ముసలాడూ అనే మాటే ఇతనూ అంటున్నాడని కొట్టిపారేయకండి. ఎందుకు గట్టిదో చెబుతాను. విన్నాక మీరే తేల్చండి.

కాప్రా అంటే ఇప్పటివాళ్లకు అపార్ట్‌మెంట్లు, ట్రాఫిక్కు. 2007లో మా మున్సిపాలిటీని హైదరాబాద్ నగరంలో కలిపేశారు. 2016లో మండలం చేశారు. మా రోజుల్లో కాప్రా అంటే చెరువు, చెరువు కింద వరి, మిట్టల మీద బావులు, అక్కడక్కడా ద్రాక్ష పందిళ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు అప్పట్లో దేశమంతా పేరు. ఉప్పల్ దిక్కు పోతే మూసీ ఒడ్డున పచ్చగడ్డి మళ్లు, వరి మళ్లు. ఆ మళ్లున్న ఉప్పల్ భగాయత్‌లో ఇప్పుడు మెట్రో డిపో, లేఅవుట్ ప్లాట్లు వచ్చాయి. అది వేరే ఏడుపు, ఇక్కడ వద్దు.

మా బావి మీద అయిదు హెచ్‌పీ కిర్లోస్కర్ ఆయిలింజను ఉండేది. ఒకే సిలిండరు, నిమిషానికి 1500 చుట్లు. రాజ్‌కోట్‌లో పోతపోసిన లిస్టర్ నమూనా ఇంజన్లయితే ఇంకా నిదానం, 650 చుట్లే. పైన ఉన్న చిన్న లివరు ఎత్తిపట్టి, హ్యాండిల్ వేసి ఫ్లైవీల్ తిప్పుతూ ఊపు రాగానే లివరు వదిలేస్తే డుగ్గుమని అందుకునేది. బ్యాటరీ లేదు, సెల్ఫ్ లేదు, వైరు ముక్క లేదు. పంపు నుంచి ఒక సన్న గొట్టం తీసి ఇంజనులోకి పెట్టేవాళ్లు. బావి నీళ్లే దాన్ని చల్లబరిచి, అటు నుంచి కాలువలో పడేవి.

ఆ బయటికి వచ్చే నీళ్ల కింద మా నాయన చెయ్యి పెట్టి చూసేవాడు. మరీ చల్లగా ఉంటే గొట్టానికున్న కాక్ కొంచెం బిగించేవాడు. చెయ్యి ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే వదిలేవాడు. చల్లగా ఉంటే మంచిదే కదా నాయనా అని అడిగితే, ఇంజను చల్లగా నడిస్తే లైనరు తొందరగా తింటుందిరా అని చెప్పాడు. అది నిజం. డీజిల్ మండినప్పుడు పుట్టే ఆవిరి చల్లటి లైనరు గోడకు తగిలి ఆమ్లమై కూర్చుంటుంది, ఇనుమును కొరుకుతుంది. ఈ రసాయన శాస్త్రం నేను చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదువుకున్నాను. మా నాయనకు నేర్పింది మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చే ఒక ఉస్తాద్. ఆ ఒక్క అలవాటుతో మా ఇంజను లైనరు పక్కవాళ్ల దానికంటే ఎన్నో పంటలు ఎక్కువ ఆగింది.

ఇక అసలు కారణాలకు వస్తాను.

మొదటిది, ఆ యంత్రాలను గీసినవాడే అవి అరుగుతాయని ఒప్పుకుని గీశాడు. లైనరు అరిగితే బ్లాకులోంచి లాగి కొత్తది దించొచ్చు. పిస్టన్, రింగులు మార్చొచ్చు. క్రాంక్ అరిగితే నూరించి పది అండర్‌సైజు బేరింగులు వేస్తారు. మళ్లీ అరిగితే ఇరవై, ఆ పైన ముప్పై. పది అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో పది. కొత్త ఇంజను షెడ్డులో దిగిన రోజే దాని క్రాంక్‌కు మరో మూడు జన్మలు రాసిపెట్టి ఉన్నాయన్నమాట. వాల్వు కారుతుంటే హెడ్ దించి, పేస్టు రాసి, వాల్వును సీటు మీద కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పి నూరేవాళ్లం. చుట్టూ సన్నటి బూడిదరంగు గీత తెగకుండా వచ్చిందాకా నూరాలి. ఆ తర్వాత వాల్వు చుట్టూ కిరోసిన్ పోసి వదిలితే చుక్క కిందికి దిగకూడదు. దిగిందంటే మళ్లీ మొదటికే. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళకు ముగిసే పని, ఖర్చు పేస్టు డబ్బా, గ్యాస్కెట్.

రెండోది ఎయిర్ క్లీనరు. ఇంజన్లను చంపేది పని కాదు, దుమ్ము. మన ఎర్రనేలల్లో ఎండాకాలం దుక్కి దున్నితే బండే కనబడనంత దుమ్ము లేస్తుంది. పాత ట్రాక్టరు ఎయిర్ క్లీనరుకు కింద ఆయిల్ గిన్నె ఉండేది. గాలి ఆ ఆయిల్‌ను తాకి పోవాలి, దుమ్ము అక్కడే దిగబడాలి. క్లిప్పు తీసి, అడుగున పేరుకున్న నల్ల బురద గీకి, డీజిల్‌తో కడిగి, గీత దాకా ఆయిల్ పోసి మళ్లీ తగిలించడమే. కొనాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు చాలా బండ్లకు కాగితం ఫిల్టరు వచ్చింది. అదీ మంచిదే, నిజానికి దుమ్మును ఇంకా బాగా ఆపుతుంది, వేళకు మారిస్తే. మన పిల్లలు మార్చరు. టైర్ల దుకాణం కాడికి పోయి కంప్రెసర్ గాలి లోపలికి కొడతారు. కాగితం కంటికి కనబడనంత చిరుగుతుంది. ఆ చిరుగులోంచి పోయిన దుమ్ము ఒక్క సీజన్‌లో రింగులు నాకేస్తుంది. ఆ మీద కంపెనీ మోసం చేసిందని గోల.

మూడోది డీజిల్ పంపు. బెంగళూరు మైకో కంపెనీ 1951లో పుట్టింది. దాని పంపులు, నాజిళ్లు ఊరూరా ఎంత పాకాయంటే డీజిల్ పంపు రిపేరు చేసేవాడిని మా దగ్గర మైకో మిస్త్రీ అనేవాళ్లు. పాత నాజిల్ 200 బార్ల అటూ ఇటూ పీడనానికే తెరుచుకునేది. ఇప్పటి కామన్ రైల్ వ్యవస్థలో డీజిల్ పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. అంత పీడనం కావాలంటే లోపలి భాగాల మధ్య సందు వెంట్రుకలో ఎన్నో వంతు ఉండాలి. అందులోకి ఇంత నీటి చుక్క, ఇంత మట్టి రేణువు పోయినా ఇంజెక్టర్ గోవిందా. పాత పంపు కొంత మురికిని ఓర్చుకునేది. అయినా మేం డ్రమ్ములో తెచ్చిన డీజిల్‌ను ఒక రాత్రి కదపకుండా నిలబెట్టి, పంచె గుడ్డలో వడగట్టి పోసేవాళ్లం. ఓర్చుకునే యంత్రాన్ని అంత జాగ్రత్తగా చూసుకున్నాం. ఓర్చుకోని యంత్రం చేతికిచ్చాక ఆ జాగ్రత్త మానేశారు. ఇది నాకు మింగుడుపడదు.

డీజిల్ పైపులో ఎయిర్ పట్టిందంటే ఏం చేసేవాళ్లమో ఇప్పటి డ్రైవర్లను అడిగి చూడండి, పదిమందిలో ఎందరు చెబుతారో. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, పంపు పక్కనున్న చేతి లివరు కొడుతుంటే ముందు నురగ వస్తుంది. నురగ ఆగి డీజిల్ ధారగా వచ్చిందాకా కొట్టి, స్క్రూ బిగించాలి. ఆ తర్వాత నాజిల్ పైపుల నట్లు ఒక చుట్టు వదులు చేసి ఇంజను తిప్పితే ఒక్కో పైపులోంచి డీజిల్ చిమ్ముతుంది. బిగించి సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. ఒక్క పానాతో అయ్యే పని. దారిన పోయేవాడు ఆగి చూస్తే వాడికీ వచ్చేది.

ఇంతా చేసి ఇనుము ఒక్కటే ఏ యంత్రాన్నీ నిలబెట్టదు. మా వైపు పాత బండ్లు ఆగాయంటే అందుకు చుట్టూ ఉన్న చేతులు కారణం. మౌలాలిలో హెచ్‌ఎంటీ బేరింగ్స్, కుషాయిగూడలో 1967లో వచ్చిన ఈసీఐఎల్, దాని పక్కన 1971లో వచ్చిన ఎన్‌ఎఫ్‌సీ, లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో వందల చిన్న షెడ్లు. ఆ ఫ్యాక్టరీల్లో పొద్దంతా మైక్రోమీటర్ పట్టుకున్న టర్నర్లు, ఫిట్టర్లలో కొందరు సాయంత్రం సందులో చిన్న లేత్ ముందు నిలబడేవాళ్లు. ట్రాక్టరు ముందు ఇరుసు బుష్ కావాలంటే గన్‌మెటల్ ముక్క పట్టుకుని పోతే చాలు. పాత బుష్ వేలితో తడిమి, షాఫ్టు కొలిచి, తిప్పి ఇచ్చేవాడు. కొలత తప్పితే డబ్బులు తీసుకోని మనుషులు వాళ్లు. దొరకనిది ఏదైనా ఉంటే సికింద్రాబాద్ రాణిగంజ్. అక్కడ ఓ బేరింగు నంబరు చెబితే దుకాణదారుడు అటక మీదికి చూడకుండానే చెయ్యి చాపేవాడు.

ఆ హెచ్‌ఎంటీ బేరింగ్స్‌ను మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల వంతు వచ్చింది. చెకోస్లోవేకియా జెటోర్ నమూనాతో 1971లో మొదలైన ఆ ట్రాక్టర్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ట్రాలీలు లాగుతున్నాయి. చేసిన ఫ్యాక్టరీ పోయింది, చేసిన బండి నడుస్తోంది. విడిభాగాలకు మాత్రం తిప్పలే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో డబ్బు మూటగట్టుకుని పోయినా ట్రాక్టరు వెంటనే దొరికేది కాదు. 1971లో కేంద్రం ట్రాక్టర్ల పంపిణీ, అమ్మకాలకు నియంత్రణ ఉత్తర్వు తెచ్చిందంటే కొరత ఎంతటిదో చూడండి. పేరు రాయించుకుని, వరస కోసం ఎదురుచూసి తెచ్చుకున్న బండిని ఎవడు పాడుచేసుకుంటాడు? పొలం నుంచి రాగానే గడ్డి తీసి, మట్టి కడిగి, ప్రతి నిప్పల్‌కూ గ్రీజు కొట్టి గాని మా వాళ్లు కాళ్లు కడుక్కునేవాళ్లు కాదు. ద్రాక్షతోటలో మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన రోజు పంపులోంచి మంచినీళ్లు బిందెలకొద్దీ పారించేవాళ్లు. లేకుంటే ఆ మందు పంపును తెల్లారేసరికి కొరికేస్తుంది. 2022-23లో అయితే ఒక్క ఏడాదిలోనే దేశంలో తొమ్మిది లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడయ్యాయి. ఇప్పుడు ఫైనాన్సు వాడు ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకుంటున్నాడు. కిస్తీలు తీరేలోపే కొత్త మోడలు మీద మనసు పోతుంది. గ్రీజు గన్ సీటు కింద తుప్పు పడుతుంది.

మా మేనల్లుడు కీసర అవతల ఇంకా సాగు చేస్తున్నాడు. యాభై హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టరు తెచ్చాడు. పవర్ స్టీరింగు, మెత్తటి సీటు, నూనెలో మునిగి ఉండే బ్రేకులు. నేనూ ఎక్కి చూసి మెచ్చుకున్నాను. నాట్ల ముందు కరిగెట చేస్తుంటే మీటరులో పసుపు దీపం వెలిగింది. ఇంజను ఊపు పడిపోయింది, రొటావేటర్ తిప్పే బలం లేదు. చూస్తే ఎలుక కొరికిన వైరు. మా వాడే రెండు కొనలు కలిపి టేపు చుట్టాడు. అయినా ఊపు రాలేదు. "లాప్‌టాప్ పెట్టి కోడు తుడిచేయాలట మామా, అది కంపెనీ వాళ్ల కాడనే ఉంటదట" అన్నాడు. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. నారు ముదిరిపోతోంది, కూలీలకు ఇచ్చిన మాట పోతోంది. చివరికి పక్క రైతు పాత బండి కిరాయికి తెచ్చి మడి తొక్కించాడు. కంపెనీ మనిషి వచ్చాక లాప్‌టాప్ తగిలించి, తీసి, బిల్లు రాసి పోయాడు. పానా పట్టనే లేదు. బాగైన బండిని యజమాని నడుపుకోలేకపోవడం ఏమిటి? నాకు ఆ రోజు నుంచి కడుపు మండుతూనే ఉంది.

కొత్త బండ్లలో కంప్యూటరు ఎందుకొచ్చిందో నాకు తెలియక కాదు. 2023 జనవరి 1 నుంచి యాభై హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు పొగ నిబంధనలు బిగించారు. ఆ కొలతల్లో పొగ తగ్గాలంటే డీజిల్‌ను చుక్కచుక్క లెక్కగట్టి కొట్టాలి, అది పాత పంపు వల్ల కాదు. అంతకంటే చిన్న బండ్లలో చాలావాటికి ఇప్పటికీ పాత పద్ధతి పంపే ఉంది. పొగ తగ్గడం మంచిదే. ఆ నల్లపొగ నా ఊపిరితిత్తుల్లోకీ పోయింది, పొగ కావాలని నేనెందుకంటాను? పొగ తగ్గించమని చట్టం చెప్పింది గాని, తాళం వేసి తాళంచెవి కంపెనీ దగ్గర పెట్టుకోమని చెప్పలేదు. ఆ రెండూ వేరు. కంపెనీలు రెండింటినీ కలిపి చూపిస్తున్నాయి.

అలాగే పాతవన్నీ వజ్రాలేం కావు. నాసిరకం పోతవి, గేరుబాక్సు పగిలినవి చాలా వచ్చాయి. అవన్నీ ఎప్పుడో తుక్కు కింద తూకానికి పోయాయి కాబట్టి మనకు మిగిలినవి మాత్రమే కనిపిస్తున్నాయి. ఒప్పుకుంటాను. కాని మిగిలిన ప్రతి బండి వెనకా ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఆయిల్ మార్చారు, టాపెట్లు సరిచేశారు. అలా చెయ్యడానికి ఆ బండి ఒప్పుకుంది.

ఈ తాళం గొడవ మన ఒక్కరిదే కాదు. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ డీలరు దగ్గర రష్యా సైనికులు ట్రాక్టర్లు, హార్వెస్టర్లు ఎత్తుకుపోతే వాటిని దూరం నుంచే పనిచేయకుండా ఆపేశారు. దొంగలకు బాగా అయిందని అందరూ సంబరపడ్డారు. నాకు సంబరం కంటే భయమే వేసింది. దొంగ చేతిలో ఆపగలిగినవాడు యజమాని చేతిలోనూ ఆపగలడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు తన యంత్రాన్ని తానే బాగుచేసుకునే హక్కుకు చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి కేంద్ర ప్రభుత్వ వాణిజ్య కమిషన్ రిపేరు పనిని గుప్పిట్లో పెట్టుకున్నారంటూ జాన్ డీర్ మీదే కోర్టుకు పోయింది. అంత పెద్ద రైతులకే అంత బాధ ఉంటే మన అయిదెకరాల వాడి మాటేమిటి?

మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022 జూలైలో ఈ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ పెట్టారు. మంచి పని. కాని చట్టం లేకుండా పోర్టల్ ఒక్కటే చాలదు. మా మేనల్లుడి నాటు వేళకు లాప్‌టాప్ తీసుకురాదు.

నా అసలు దిగులు ఇంకోటుంది. సందులోని లేత్ దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఆ జాగాల్లో కర్రీ పాయింట్లు, మొబైల్ కవర్ల దుకాణాలు వస్తున్నాయి. ఉస్తాద్ దగ్గర చోటాగా చేరే పిల్లాడు లేడు. పిల్లాడిని తప్పుపట్టను. చేతులు నల్లబడే పనికి పెళ్లిసంబంధం కూడా రావడం లేదు, పొట్లాలు మోసే బండి నడిపితే ఆ వారమే డబ్బు. ఐటీఐల్లో మెకానిక్ డీజిల్, మెకానిక్ ట్రాక్టర్ కోర్సులు ఉన్నాయి. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. నేర్చుకునే చోటు ఉన్నా, నేర్చినవాడికి ఊళ్లో గౌరవం, గిట్టుబాటు లేవు. పైగా నకిలీ రింగులు, నకిలీ బేరింగులు బజారు నిండా. మంచి మిస్త్రీ కష్టపడి కూర్చిన ఇంజను దొంగ సామానుతో ఏడాది తిరక్కుండా పొగ కక్కితే నింద మిస్త్రీకే.

ఇంట్లో పాత ఆయిలింజనో, ట్రాక్టరో మూలన పడి ఉన్నవాళ్లకు ఒక మాట. తుక్కువాడు తూకం వేసే ముందు ఒకసారి చేత్తో ఇంజను తిప్పించి చూడండి. తిరిగితే, లోపల జీవం ఉన్నట్టే. క్రాంక్ ఇంకా ముప్పై అండర్‌సైజు దాకా రాకపోతే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు కొత్తదాని ధరతో పోలిస్తే చాలా తక్కువ. ఆ పని చేసేటప్పుడు మీ అబ్బాయిని గాని, అమ్మాయిని గాని పక్కన నిలబెట్టండి. ఉస్తాద్‌కు అడిగిన కూలి ఇవ్వండి, బేరమాడకండి.

కొత్త ట్రాక్టరు కొనబోయేవాళ్లు హెచ్‌పీ ఎంత, కిస్తీ ఎంత అని అడిగి ఊరుకోకండి. సర్వీసు మాన్యువల్ నాకు ఇస్తారా? ఎర్రర్ కోడు చదివే, తుడిచే పరికరం మా ఊరి మెకానిక్ కొనుక్కోవడానికి దొరుకుతుందా? ఈ రెండూ అడగండి. నోటిమాట నమ్మకండి. కాగితం మీద రాసిచ్చాకే అడ్వాన్సు కట్టండి.